పుట్టుమచ్చల పుస్తకం

మంగళవారం పొద్దున మేనేజరు బల్ల మీద పదకొండు బోర్డులు వరసగా పేర్చి ఉన్నాయి. అరచెయ్యంత ఆకుపచ్చ బోర్డులు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఆస్పత్రుల్లో ఉంచే వెచ్చటి పెట్టెలున్నాయే, వాటికి ఇవే బుర్రలు. ఆరేడు నెలలు బంగారంలా పనిచేసి, ఒకరోజు కరెంటు తీసి పెడితే ఇక లేవలేదు. అన్నిచోట్లా పక్కన మరో పెట్టె ఉండబట్టి ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. పదకొండు బోర్డులకూ ఒక మూల ఎర్రటి చుక్క ఉంది.

ఆ చుక్క ఎవరిదో ఆ కంపెనీలో తెలియనివాళ్ళు లేరు. యంత్రం సరిగ్గా అతకని బోర్డులు రిపేరు బెంచీకి వస్తాయి. అక్కడ ఇరవై ఏళ్ళుగా కూర్చున్న మనిషి చిప్పును వేడిగాలితో ఊడదీసి, దాని కాళ్ళు శుభ్రంచేసి, మళ్ళీ చేత్తో అతుకుతుంది. పని తనకు నచ్చితే మూల మీద గోళ్ళరంగుతో ఒక చుక్క పెడుతుంది. నచ్చకపోతే ఎవరు చెప్పినా పెట్టదు, మళ్ళీ ఊడదీస్తుంది. అందుకని ఆమె అందరికీ చుక్కక్క అయింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది కాబోలు, అక్కడికి వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

మేనేజరు చెడ్డవాడు కాదు. కాకపోతే తప్పుకు ఒక ముఖం కనబడితేగాని ఆయనకు నిద్రపట్టదు. "యంత్రం అతికినవి రెండువేలకు పైగా బయట తిరుగుతున్నాయి. వాటిల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. వచ్చినవి పదకొండు, పదకొండింటి మీదా మీ చుక్కే. నేనేమనుకోవాలమ్మా?" అన్నాడు.

చుక్కక్క ఒక బోర్డు తీసుకుంది. మెడలో దారానికి వేలాడుతున్న భూతద్దం కంటికి పెట్టుకుని, కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పింది. చిప్పు నాలుగు వైపులా ఒక్కొక్క కాలే లెక్కబెడుతున్నట్టు చూసింది. ఆ చూపు అయ్యేదాకా మేనేజరు కూడా ఆగాడు.

"చుక్క నాదే సార్. అతుకు బాగానే ఉంది."

"బాగుంటే ఎందుకు చచ్చింది?"

"అది నాకు తెలీదు. దాచుకునేదాన్నయితే చుక్క ఎందుకు పెడతాను?"

ఆయన నిర్ణయం ముందే అయిపోయింది. సోమవారం నుంచి చుక్కక్క ప్యాకింగుకు వెళ్ళాలి. చేతి అతుకుల పని బయటి వర్క్‌షాపుకు పోతుంది. శుక్రవారం ఆస్పత్రులకు రిపోర్టు పంపాలి. అందులో సాఫ్ట్‌వేరు తరఫున ఒక్క వాక్యం కావాలి, సాఫ్ట్‌వేరులో దోషం లేదని. ఆ వాక్యం రాయవలసిన మనిషి తలుపు పక్కన నిలబడి ఉంది.

ఆమెను అందరూ గింజ అంటారు. ఆ పేరు పెట్టిందీ చుక్కక్కే. చేరిన కొత్తలో నీ పని ఏమిటని అడిగితే కెర్నెల్ అని చెప్పింది. అంటే ఏమిటంటే, అన్నిటికన్నా లోపల ఉండే గింజ లాంటిది అంది. "అయితే నువ్వు గింజవన్నమాట" అంది చుక్కక్క, అంతటితో బారసాల అయిపోయింది. ఆ మొదటి ఏడాది కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ ఎటు పట్టుకోవాలో కూడా చుక్కక్కే నేర్పింది.

నిజం చెప్పుకోవాలంటే, తప్పు అతుకులదని మేనేజరు అన్నప్పుడు గింజ గుండె కాస్త తేలికపడింది. తన జోలికి రాలేదు కదా అనుకుంది. మరుక్షణం ఆ తేలికకు తనకే సిగ్గేసింది. చుక్కక్క బోర్డును వరసలో ఎక్కడిదక్కడ పెట్టి, అంచు సరిచేసి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్ళింది.

ఆ వారం గింజ చేతిలో వేరే పని ఉంది. ఇన్నాళ్ళూ వాడుతున్న, కరెంటు తీసినా రాత నిలిచే ఫ్లాష్ మెమరీ చిప్పు తయారీ ఆగిపోయింది. కొత్త కంపెనీ చిప్పు వచ్చింది. దానితో మాట్లాడటం కెర్నెల్‌కు నేర్పాలి. యంత్రం నిద్రలేచేటప్పుడు అన్నిటికంటే ముందు లేచేది కెర్నెల్. ఎదుట ఏ వస్తువుంది, దాన్ని ఎలా పలకరించాలి అన్నది దానికి ముందే చెప్పిపెట్టాలి. చెప్పడమంటే ఒక పొడుగాటి నీలం మెనూలో ఒక్కొక్క ప్రశ్నకూ అవును, కాదు అని జవాబివ్వడం. ఫ్లాష్ మెమరీ ఉందా, అవును. ఏ రకం, ఇదిగో ఈ రకం. దానితో మాట్లాడే డ్రైవరు కెర్నెల్‌లోనే కలపాలా, విడిగా ఉంచాలా? కలపాలి, ఎందుకంటే కెర్నెల్‌కు కావలసిన సామానంతా ఆ ఫ్లాష్‌లోనే ఉంది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకుంటే ఎలా?

ఆ మెనూలో ప్రతి ప్రశ్న దగ్గరా ప్రశ్నార్థకం మీట నొక్కితే వివరణ వస్తుంది. నొక్కేవాళ్ళు తక్కువ. పాత బోర్డు జవాబులే కొత్త బోర్డుకు ఎత్తిపెట్టడం ఈ వృత్తిలో అందరూ చేసేదే. గింజ కూడా మంగళవారం మధ్యాహ్నం అదే చేసి, ప్రయత్నించడానికి ఒక బోర్డు కావాలని రిపేరు బెంచీకి వెళ్ళింది.

చుక్కక్క పని చేస్తూనే ఉంది. సోమవారం ఇంకా రాలేదు కదా. ఎడమచేతి చిటికెనవేలు బల్లకు ఆనించి, పట్టుకారుతో చిప్పును దాని చోట కూర్చోబెట్టింది. ఐరన్ మొనను తడి స్పాంజీ మీద ఒక్కసారి రాసి, చిప్పు కాళ్ళ వెంట ఒక మూల నుంచి ఇంకో మూలకు ఆగకుండా లాగింది. లాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది. తెల్లటి పొగ లేచింది. భూతద్దంతో చూసింది. అంతా అయ్యాక చుక్క పెట్టలేదు. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది.

చుక్కక్క మూడుసార్లు చూడటం గింజ ఎన్నడూ ఎరగదు.

ఆ తరువాత ఆమె బోర్డుకు కేబుల్ తగిలించి, కరెంటు పెట్టింది. పక్కనున్న పాత తెర మీద కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు వచ్చాయి. సొరుగులోంచి పొడుగాటి అట్టపుస్తకం తీసి, తెర వంక చూస్తూ ఏదో రాసుకుంది. పుస్తకం మూసి, గింజ ఎప్పుడో రాసిచ్చిన లోడింగ్ స్క్రిప్టు, అంటే సామాను ఎక్కించే ఆజ్ఞల వరస, నడిపింది. కెర్నెల్, మిగతా సామానూ బోర్డులోకి ఎక్కాయి. ఈ తతంగం గింజ వందసార్లు చూసింది. ఆ పుస్తకంలో ఏం రాస్తావని ఒక్కసారీ అడగలేదు.

"ఏం అమ్మాయ్, అలా నిలబడ్డావు?" అంది చుక్కక్క.

"కొత్త చిప్పు బోర్డు ఒకటి కావాలక్కా."

"అది యంత్రం అతికిందే తీసుకుపో. నా చెయ్యి పడితే మళ్ళీ నీకూ మాట వస్తుంది."

ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అంది. గింజ బోర్డు తీసుకుని వచ్చేసిందిగాని, ఆ మాట మాత్రం రోజంతా చెవిలోనే ఉండిపోయింది.

బుధవారం పొద్దున పాత జవాబులతో కొత్త బోర్డు లేవలేదు. కొత్త చిప్పు పద్ధతి వేరు. ఇక తప్పక, గింజ మెనూలో మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్ళి ప్రశ్నార్థకం నొక్కుతూ ఒక్కొక్క వివరణా చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు తారుమారైతే ఎన్నిటిదాకా సరిదిద్దాలి? పాత చిప్పుకు నాలుగు, దీనికి ఎనిమిది. సరే. తరువాతి ప్రశ్న, చెడ్డ గదుల పట్టికను ఫ్లాష్‌లోనే భద్రపరచాలా? పాత జవాబు, కాదు. ఎందుకు కాదన్నానో గుర్తులేదు. ప్రశ్నార్థకం నొక్కింది.

ఫ్లాష్ చిప్పులో రెండువేల పైచిలుకు చిన్న చిన్న గదులుంటాయి. అన్నీ గట్టివి కావు. ఏ చిప్పులోనైనా రెండో మూడో బలహీనమైన గదులు పుట్టుకతోనే ఉంటాయి. తయారుచేసినవాళ్ళు పరీక్షించి, వాటి గుమ్మం మీద ఇది చెడ్డది అని ఒక గుర్తు పెట్టి మరీ అమ్ముతారు. అది మోసం కాదు, ఆ వ్యాపారపు మర్యాద. గుర్తున్న గదిలో కెర్నెల్ ఏమీ దాచదు. ఆ గుర్తు చెరిగిపోతే మాత్రం, ఆ గది కొన్నాళ్ళు మంచిదానిలాగే నటిస్తుంది. తరువాత అందులో దాచిన రాత మెల్లగా మాసిపోతుంది.

గింజ చదవడం ఆపింది. ఆరేడు నెలలు బంగారంలా పనిచేసి ఆగిపోయిన పదకొండు బోర్డులు కళ్ళ ముందు మెదిలాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే ఆమె తన పాత స్క్రిప్టు తెరిచింది. రిపేరు బెంచీ కోసం నాలుగేళ్ళ కిందట రాసినది. తొమ్మిదో వరసలో ఉంది. ఫ్లాష్‌ను తుడిచే ఆజ్ఞ. తుడవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి గుర్తున్న గదుల్ని వదిలేసి మిగతావి తుడుస్తుంది. రెండోది గుర్తులతో సహా ఊడ్చేస్తుంది. అక్కడున్నది రెండోది.

ఎలా జరిగిందో గుర్తొచ్చింది. మొదటి రకంతో తుడిస్తే లోడింగ్ మధ్యలో చెడ్డ గది తగిలి ఆగిపోయేది. గది దాటి పోయేలా రాయాలి, అదే సరైన పని. దానికి రెండు రోజులు పడుతుంది. రెండో రకం వాడితే ఆగడం మానేసింది. ఆ ఆజ్ఞ ఊరికే పోదు, ముందు హెచ్చరిక చేస్తుంది. ఫ్యాక్టరీ పెట్టిన గుర్తులన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ తెచ్చుకోవడానికి నమ్మదగిన దారి లేదు, చెరపమంటారా అని అడుగుతుంది. బెంచీ మీద ప్రతిసారీ ఆ ప్రశ్న రావడం విసుగని, అడగకుండానే అవును అనేసుకునేలా స్క్రిప్టులో ఇంకో అక్షరం చేర్చింది. వరస చివర తన పొడి అక్షరాలు, తేదీ ఉన్నాయి. చుక్కక్క పెట్టే చుక్కలాగే.

ఊహ మీద ఎవర్నీ ఉరితీయకూడదు, తననైనా సరే. గింజ మేనేజరు గదిలోంచి పదకొండు బోర్డులూ అడిగి తెచ్చి, ఒక్కొక్కదానికీ కేబుల్ తగిలించి, చెడ్డ గదులెన్నని అడిగింది. సున్నా. సున్నా. పదకొండింటిలోనూ సున్నా. అంత నిష్కళంకమైన చిప్పు లోకంలో లేదు. యంత్రం అతికినవాటికి సామాను ఇంకో లోడరు ఎక్కిస్తుంది, దానికి ఈ స్క్రిప్టుతో పనిలేదు. వాటిల్లో ఐదు తెచ్చి చూసింది. మూడు, ఒకటి, ఐదు, రెండు, నాలుగు. తప్పు అతుకుల్లో లేదు. అతుకుల తరువాత నడిచే తొమ్మిదో వరసలో ఉంది.

చుక్కక్క చేతి మీదుగా వెళ్ళిన బోర్డులు బయట నూట నలభైరెండు ఉన్నాయి. ఏ గది చెడ్డదో ఇప్పుడు వాటికే తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆకులు కూడా లేవు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మామగారు వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఆయన ముప్పైఐదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. పని మానేసినా పెన్ను మానలేదు, కరెంటు బిల్లులో కూడా తప్పు కనబడితే ఎర్రసిరాతో చుట్టి పక్కన సరైన మాట రాస్తాడు. గింజ ఎదురుగా కూర్చుని తానూ నాలుగు రెబ్బలు ఒలిచి, జరిగింది చెప్పింది. చిప్పులూ గదులూ ఆయనకు ఎంత అర్థమయ్యాయో తెలియదు, నడుమ ఒక్క ప్రశ్నా వేయకుండా విన్నాడు.

"మా అచ్చాఫీసులో ఒక యజమాని ఉండేవాడు" అన్నాడు చివరికి. "పుస్తకం వెనకాల తప్పొప్పుల పట్టిక వేస్తే పరువు పోతుందనేవాడు. నేను పట్టుబట్టి వేయించేవాణ్ణి. పట్టిక ఉన్న పుస్తకం అంటే ఎవడో చివరిదాకా చదివాడని అర్థమమ్మాయ్."

"అది వేస్తే నా ఉద్యోగం ఏమవుతుందో మామయ్యా."

"అదీ నిజమే." రెబ్బ గోటితో చీల్చి పొట్టు పక్కన పెట్టాడు. "ఇప్పుడా తప్పు ఎవరి పేరున అచ్చవుతోంది?"

వెల్లుల్లి గిన్నె నిండింది, ఇద్దరూ లేచారు.

గురువారం పొద్దున్నే ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పింది. ఆయన నెత్తి పట్టుకున్నాడు. తరువాత లేచి తలుపు వేశాడు. గింజ మంచి పనిమంతురాలని, నాలుగేళ్ళలో ఒక్క పొరపాటు పెద్ద విషయం కాదని ఓదార్చాడు. ఆయన మంచితనం ఎటు పోతోందో ఆమెకు కాసేపటిదాకా అర్థం కాలేదు.

"పాత చిప్పు తయారీ ఎలాగూ ఆగిపోయింది. దాని మీదికి తోసేద్దాం. అది వచ్చి కాదని చెప్పదు కదా" అన్నాడు.

"మరి చుక్కక్క?"

"ఆవిడకు ప్యాకింగులో కష్టమేముందమ్మా? ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఎందుకు పంపారు, ఎందుకు తెచ్చారని పదిమందీ అడుగుతారు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఏమిటో గింజ చదువుకుంది. అందులో తననూ పాలు తాగమని పిలవడం ఇదే మొదటిసారి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ గిన్నె దగ్గరగానే కనబడింది. అంతలో, ఎడమచేతి చిటికెనవేలు బల్లకు ఆనించి మూడోసారి భూతద్దం పెట్టుకున్న మనిషి గుర్తొచ్చింది.

"రిపోర్టులో నా వాక్యం నేనే రాస్తాను సార్" అంది. "దోషం లోడింగ్ స్క్రిప్టుది, రాసింది నేను అని."

"రాయి. నూట నలభైరెండు పెట్టెలు ఆస్పత్రుల నుంచి వెనక్కి తెప్పించాలి. అన్నిటికీ కొత్త బోర్డులు వెయ్యాలి. ఆ నెలలన్నీ పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా రాయి."

గింజ తలుపు తీసుకుని నేరుగా రిపేరు బెంచీకి వెళ్ళింది.

చుక్కక్క సొరుగు సర్దుకుంటోంది. పట్టుకార్లు ఒక గుడ్డలో చుట్టింది. గోళ్ళరంగు సీసా మూత బిగించి దాని పక్కన పెట్టింది. గింజ ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, మేనేజరుకు చెప్పిన వరసలోనే చెప్పింది. నాలుగేళ్ళ కిందట లోడింగ్ అయ్యాక తెర మీద ఆ అంకెల వరస కనబడదేమని చుక్కక్క అడిగితే, "పోయాయక్కా, ఇక రావు" అని నవ్వుతూ చెప్పిన సంగతి కూడా దాచలేదు.

చుక్కక్క వేడెక్కి ఉన్న ఐరన్‌ను స్టాండులో పెట్టి, స్విచ్చి తీసింది.

"రెండు రోజులు నా చేతిని నేనే నమ్మలేదు" అంది. "నిన్న మూడు బోర్డులు బాగా ఉండి కూడా ఊడదీశాను. ఇరవై ఏళ్ళలో అలా చెయ్యలేదు. ఆ రెండు రోజులూ నువ్వు తెచ్చిపెట్టలేవు గింజా."

"తేలేనక్కా."

"కోపంగానే ఉంది. ఉంటుంది కూడా, కొన్నాళ్ళు." కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "సరే. ఇప్పుడా బయటున్నవాటి సంగతేమిటి?"

చెయ్యడానికేమీ లేదని గింజ చెప్పింది. ఆ గుర్తులు చిప్పులో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఒక్కసారి తుడిస్తే తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఏ గదులో తెలిసి ఉంటే ఒక చిన్న మెమరీ కార్డు ఇచ్చి మనిషిని పంపి, ఆస్పత్రిలోనే గంటలో వాటిని మూసేయవచ్చు. తెలియదు కనుక అన్నీ వెనక్కి రావలసిందే.

"ఏ గుర్తులు?" అంది చుక్కక్క.

"అవే అక్కా, లోడ్ చెయ్యకముందు మొదటిసారి కరెంటు పెట్టగానే తెర మీద వచ్చే అంకెలు."

చుక్కక్క ఆమె వంక వింతగా చూసింది. సొరుగు పూర్తిగా బయటికి లాగి, అడుగునుంచి అట్టపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి కాదు, మూడు. అట్టల మూలలు అతికేటప్పుడు రాసే ఫ్లక్స్ అంటి గోధుమరంగుకు తిరిగాయి.

"ఈ అంకెలేనా?"

ప్రతి పేజీలో ఎడమవైపు పెట్టె నంబరు. ఎదురుగా రెండో, మూడో, ఐదో అంకెలు, గుండ్రటి చేతిరాతలో. ఒక్క కొట్టివేత లేదు. గింజ పేజీలు తిప్పుతూనే ఉంది. ఏ పేజీ తిప్పినా అవే.

"వేడిగాలి పెడితే నంబరు చీటీలు ఊడిపోతాయి" అంది చుక్కక్క, ఇందులో చెప్పడానికేముందన్నట్టు. "ఒకే పోలిక ఉన్న పాతిక బోర్డులు బల్ల మీదుంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఈ అంకెలు మాత్రం ఏ రెండిటికీ కలవవు. పుట్టుమచ్చలనుకున్నాను. బిడ్డను ఇంకొకరి చేతికిచ్చే ముందు మచ్చలు చూసి రాసుకోవాలా వద్దా? ఏ పెట్టెలోకి పోతోందో కూడా పక్కనే రాసుకున్నాను."

"అన్నిటికీ రాశావా అక్కా?"

"చుక్క పెట్టినవాటన్నిటికీ."

గింజకు నమ్మాలంటే భయమేసింది. పదకొండు బోర్డుల్లో ఒకదాన్ని తెచ్చి కేబుల్ తగిలించింది. చావబోయే ముందు కెర్నెల్ ఏ గది చదవలేక ఆగిపోయిందో తెర మీద చెబుతుంది. ఆమె కరెంటు మీట మీద వేలు పెట్టగానే చుక్కక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ముందు నేను చెప్తాను, తరువాత చూడు." బోర్డుకు కట్టి పంపిన చీటీలో పెట్టె నంబరు చూసి, పుస్తకంలో వేలు పెట్టి చదివింది. "రెండువందల పదకొండు. ఎనిమిదివందల డెబ్భైనాలుగు. పదహారువందల ముప్పై."

గింజ మీట నొక్కింది. తెర మీద వరసలు పరిగెత్తి, ఆగాయి. ఆఖరి వరసలో, ఫలానా గది చదవలేకపోతున్నాను అని కెర్నెల్ తన భాషలో మొరపెట్టుకుంటోంది. గది నంబరు ఎనిమిదివందల డెబ్భైనాలుగు.

రెండో బోర్డు పెట్టారు. మూడోది పెట్టారు. చుక్కక్క చదువుతోంది, తెర ఒప్పుకుంటోంది. పదకొండూ అయ్యేసరికి గింజ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చుక్కక్క వాటిని చూడనట్టే పుస్తకం మూసి, చుట్టిన గుడ్డ విప్పి పట్టుకార్లు ఒక్కొక్కటీ వాటి చోట పెట్టుకుంది.

ఆ రోజంతా గింజ రెండు పనులు చేసింది. స్క్రిప్టు తొమ్మిదో వరస మార్చి, చెడ్డ గది తగిలితే దాటిపోయేలా రాసింది. నాలుగేళ్ళ కిందట ఎగ్గొట్టిన రెండు రోజుల పని ఒక్కరోజులో అయింది. రెండోది, పెట్టె నంబరూ దాని పుట్టుమచ్చలూ కొడితే ఆ గదుల్లోని సామాను పక్కకు జరిపి, మాసిపోయినది మళ్ళీ ఎక్కించి, గుమ్మాల మీద గుర్తులు తిరిగి పెట్టే చిన్న ప్రోగ్రాము. తరువాత కొత్త చిప్పు మెనూకు వెళ్ళింది. చెడ్డ గదుల పట్టికను ఫ్లాష్‌లోనే భద్రపరచాలా? అవును. నిద్రలేచినప్పుడు ఆ పట్టికను తెర మీద చూపించాలా? అవును. ఈసారి కొత్త బోర్డు లేచింది.

శుక్రవారం మేనేజరు రిపోర్టు చదివాడు. సాఫ్ట్‌వేరు తరఫున ఒక వాక్యం అడిగితే నాలుగు వచ్చాయి. దోషం లోడింగ్ స్క్రిప్టుది. రాసింది నేను. రిపేరు బెంచీ అతుకుల్లో ఏ దోషమూ లేదు. నూట నలభైరెండు పెట్టెల్నీ ఆస్పత్రుల్లోనే సరిచేయడానికి కావలసిన వివరాలు రిపేరు బెంచీ దగ్గర మాత్రమే ఉన్నాయి. ఆయన నాలుగో వాక్యం రెండుసార్లు చదివి, వెంటనే ఆ పుస్తకాలు తెప్పించి తన గదిలో బీరువాలో పెట్టించమన్నాడు.

ఆ కబురు తీసుకెళ్ళినతను ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. పుస్తకాలు బెంచీ మీదే ఉంటాయట. కావలసినవాళ్ళు బెంచీ దగ్గరికి రావాలట.

మేనేజరు లేచి, చొక్కా సర్దుకుని, వరండా దాటి, రెండు మెట్లు దిగి రిపేరు బెంచీ దగ్గరికి వెళ్ళాడు. ఆ రెండు మెట్లూ ఆయన ఇంతకుముందు ఎప్పుడు దిగాడో అక్కడ ఎవరికీ గుర్తులేదు. ప్యాకింగువాళ్ళు టేపు చింపడం ఆపి చూశారు. చుక్కక్క లేచి నిలబడలేదు, పనిలో ఉంది. చిప్పు కాళ్ళ మీదుగా ఐరన్ రెండో మూల చేరేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

"సోమవారం సంగతి మర్చిపోండమ్మా" అన్నాడు.

"మర్చిపోను సార్" అంది చుక్కక్క మర్యాదగానే. "కానీ సోమవారం ఇక్కడే ఉంటాను."

ఆయన తలూపి, పుస్తకం చూడవచ్చా అని అడిగాడు. చేతులు తుడుచుకుని చూడమంది. ఆయన నిజంగానే రుమాలుతో తుడుచుకున్నాడు. ఎన్నో పేజీలు తిప్పాడు. వెళ్తూ, మెట్ల దగ్గర ఆగి, ఈ రాత పని ఇక నుంచి యంత్రం బోర్డులకు కూడా పెట్టాలని, అది ఎలాగో చుక్కక్కే చెప్పాలని అన్నాడు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. అది ఆయన అలవాట్లలో లేదు.

మధ్యాహ్నం మొదటి బోర్డు బాగుచేశారు. చుక్కక్క పుస్తకం చూసి తానే మూడు అంకెలూ కొట్టింది, ఒక్క వేలితో, మీట మీటకూ ఆగి. గింజ పక్కన నిలబడి చేతులు కట్టుకుంది. కరెంటు తీసి మళ్ళీ పెట్టారు. కెర్నెల్ లేచింది. ఫ్లాష్ దొరికిందంది. చెడ్డ గదులు మూడు, రెండువందల పదకొండు, ఎనిమిదివందల డెబ్భైనాలుగు, పదహారువందల ముప్పై అని తెర మీద బాహాటంగా చెప్పి, వాటిని దాటుకుని ముందుకు వెళ్ళిపోయింది. నెలన్నరగా కళ్ళు తెరవని బోర్డు మీద పచ్చదీపం వెలిగింది.

"చూశావా, మచ్చలన్నీ వచ్చాయి" అంది చుక్కక్క. ఆ గొంతులో ఉన్న గర్వం గింజకు వినబడింది. కాస్త తనకూ వాటా ఉన్నట్టు అనిపించి, అంతలోనే ఆ వాటా అడగడానికి మొహం చెల్లలేదు.

చుక్కక్క గోళ్ళరంగు సీసా మూత తిప్పి, కుంచె సీసా అంచుకు రాసి, బోర్డు తనవైపు లాక్కుంది. మూల మీద పాత చుక్క ఉండనే ఉంది. దాన్ని ఒక్క క్షణం చూసి, కుంచె గింజ వైపు చాపింది.

"నాది ఉంది. ఇప్పుడు దీని మీద నీ చెయ్యి కూడా పడింది. పెట్టు."

గింజ కుంచె అందుకుని తొందరగా అద్దింది. చుక్క సాగి, తోక మిగిలింది. చుక్కక్క భూతద్దం కంటికి పెట్టుకుని చూసి, పెదవి విరిచి, దూదితో శుభ్రంగా తుడిచేసింది.

"బాగా లేదు. మళ్ళీ పెట్టు. చిటికెనవేలు బల్లకు ఆనించుకో."

గింజ చిటికెనవేలు బల్లకు ఆనించింది. ఊపిరి బిగబట్టి, ఎర్రచుక్క పక్కన ఇంకో ఎర్రచుక్క పెట్టింది. చుక్కక్క ఒక్కసారే చూసి, పక్క బోర్డు అందుకుంది.